బుగ్గను బావి అని రాసినందుకు

రిటైరవడానికి మూడేళ్ల ముందు, ఏప్రిల్ మొదటి తేదీన నన్ను మదనపల్లె నుంచి పుంగనూరుకు డిప్యుటేషన్ మీద పంపారు. తాగునీటి పథకం ఆఫీసులో అనువాదకుడి పని. కుప్పం వైపు కొండల్లో నీటి వనరులు పరిశీలించిన డచ్ భూగర్భ శాస్త్రవేత్త ఒకాయన, రిపోర్టు ఇచ్చేలోపే జబ్బుపడి స్వదేశం వెళ్లిపోయారు. సొంత భాషలో రాసుకున్న నోట్సు మాత్రం మిగిలింది. నాకు వచ్చింది జర్మన్. రెండూ ఇంచుమించు ఒకటేనని, చదివేస్తానని ఇంజనీరుగారికి చెప్పాను.

రామకుప్పం దగ్గరి ఒక పల్లె పేరుకెదురుగా ఆయన 'బ్రోన్' అని రాశారు. జర్మన్‌లో 'బ్రున్నెన్' అంటే బావి. నిఘంటువు తీయకుండానే 'బావి' అని రాశాను. స్థలం చూసి వచ్చాకే 'క్షేత్ర పరిశీలన' గడిలో సంతకం చేయాలని నిబంధన. ఎండలో రెండు బస్సులు మారాలి. కుర్చీలోంచి లేవకుండా సంతకం పెట్టాను.

పాత బావులను లోతు చేయడం పథకంలో భాగం. మే నెలలో కాంట్రాక్టరు మనుషులు అక్కడ బండకు రంధ్రాలు వేసి, మందు తోటాలు పెట్టి పేల్చారు. బండ నెర్రెలిచ్చి నీళ్లు లోపలికి దిగిపోయాయి.

విచారణకు ఇంజనీరుగారి వెంట నేనూ వెళ్లాను. మునెమ్మ అనే ఆవిడ ఖాళీ బిందెతో నిలబడి ఉంది. పేల్చవద్దని ఆవిడ అడ్డుపడితే, కూలీలు మా కాగితం చూపించి పక్కకు పొమ్మన్నారట.

"ఇది బాయని ఎవురు రాసినారప్పా?" అని నన్నే అడిగింది. "బుగ్గ ఇది. ఎండాకాలంలో గూడా బండలోంచి నీళ్లు ఉబుకుతానే ఉండె. మమ్మల్ని ఒక మాట అడిగింటే సెప్పేవాళ్లం గదా."

ఇంజనీరుగారు నావైపు చూశారు. ఆ డచ్ ఆయనే తప్పు రాశారని చెప్పాను. మునెమ్మ నమ్మి తలూపింది.

ఇంటికి వచ్చాక వ్యుత్పత్తి నిఘంటువు తీశాను. రెండు మాటలకూ మూలం ఒకటే, కుతకుతమని పైకి ఉబకడం. జర్మన్లు పోనుపోను ఆ పేరును తవ్విన బావికి ఇచ్చి, ఊటకు 'క్వెల్లె' అన్నారు. డచ్‌వాళ్లు దాన్ని ఊటకే ఉంచుకున్నారు. బావికి లాటిన్ నుంచి తెచ్చుకున్న 'పుట్' అనే మాట వాళ్లకు వేరే ఉంది. ఆయన సరిగ్గానే రాశారు.

తొమ్మిది రోజులు ఎవరికీ చెప్పలేకపోయాను. పదోరోజు తప్పు నాదేనని రాసిచ్చాను. నాకు మెమో ఇచ్చారు, డచ్ ఆయన తప్పు రాశారన్న మాటను విచారణ కాగితాల్లోంచి తొలగించారు. పల్లెకు మాత్రం ట్యాంకరే గతయింది.

మిగిలిన సర్వీసులో, బాగా తెలుసనుకున్న మాటకే ముందు నిఘంటువు తీశాను. ఊరు చూడకుండా, ఊరివాళ్లను అడగకుండా ఎక్కడా సంతకం పెట్టలేదు. బావి అని రాసింది నేనేనని మునెమ్మకు ఇప్పటికీ చెప్పలేదు.