గుంతకల్లులో దిగిన ముత్తుప్పేచ్చి

ముత్తుప్పేచ్చికి బస్సు పడదు. కోవిల్పట్టిలో మా వీధికంతా తెలిసిన సంగతే అది. ఆమె పుట్టిల్లు విరుదునగర్. రోడ్డు మీద నిలబడితే చాలు, ఆ ఊరికి బస్సు వచ్చేస్తుంది. కానీ డీజిలు వాసన ముక్కుకు తగిలిందంటే సాత్తూరు రాకముందే కడుపులో ఉన్నదంతా కిటికీలోంచి బయటికి పోయేది. ఆ రూటు కండక్టరొకాయన ఆమెను చూడగానే, "అక్కకు కిటికీ పక్కన చోటివ్వండి! వెనకవాళ్లు అద్దాలు దించుకోండి!" అని తమిళంలో కేక పెట్టేవాడు. బస్సంతా నవ్వేది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఆమె కూడా నవ్వేది.

రైలు మాత్రం ఆమెకు అచ్చొచ్చింది. అగ్గిపెట్టెల ఫ్యాక్టరీకి సెలవున్న రోజు ప్యాసింజరు ఎక్కి, తలుపు దగ్గర కూలబడి, గాలికి కళ్లు చికిలించుకుంటూ పుట్టింటికి పోయేది. దిగేసరికి పెట్టెలో సగం మంది చుట్టాలైపోయేవారు. తొంభైలలో పట్టాలు మార్చే పని జరిగినప్పుడు కొంతకాలం రైళ్లు ఆగిపోయాయి. సరిగ్గా అప్పుడే తమ్ముడి పెళ్లి వచ్చింది. చుట్టాలంతా బస్సులో వెళితే, ఈమె పట్టుచీర కట్టుకుని కట్టెల లారీ ఎక్కి, కట్టెల మీద కూర్చుని వెళ్లి మండపం ముందు దిగింది. పెళ్లికూతుర్ని వదిలేసి జనం ఈమెను చూశారట.

భర్త కుళందైసామి కూడా అదే ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. మాట తక్కువ మనిషి. ఇంట్లో మాటలన్నీ ఆమెవే, తల ఊపడం ఆయనది.

వాళ్ల కూతురు మారీశ్వరి పెళ్లయ్యాక పూనాలో కాపురం పెట్టింది. అల్లుడు ఆనందరాజ్ అక్కడ మోటారు సామాన్లు చేసే కంపెనీలో పనిచేసేవాడు. రెండువేల ఐదులో కూతురికి నెలలు నిండుతుంటే అల్లుడు ఫోన్ చేశాడు.

"అత్తా, మెడ్రాసు దాకా బస్సులో రండి. ఆడనుంచి విమానంలో పిలిపించుకుంటాను. ఇప్పుడు విమానం అంత పిరియం కాదు."

"మెడ్రాసు దాకా బస్సులో వస్తే నేను రాను అల్లుడా, నా పీనుగ వస్తుంది. రైలుండాది గదా?"

"రైలైతే పగలూ రాత్రీ కూచోవాల అత్తా!"

"కూచొనేదే గదా! ఫ్యాక్టరీలో ఇన్నేండ్లు కూచోలేదా నేను?"

అలా ఇద్దరూ రైలెక్కారు. కూతురి కోసం సంచీ నిండా కోవిల్పట్టి కడలమిట్టాయి, అంటే వేరుసెనగపప్పు బెల్లంపాకంలో కలిపి చేసే అచ్చులు. బండి సేలం దగ్గరే గంటల తరబడి ఆగిపోయింది. చీకట్లో రావలసిన గుంతకల్లుకు తెల్లారి, ఎండ పడ్డాక చేరింది. పై బెర్తు మీద కుళందైసామి గుర్రుపెడుతున్నాడు. కిటికీ దగ్గరున్న ముత్తుప్పేచ్చికి ప్లాట్‌ఫారం మీదనుంచి ఒక కేక వినబడింది.

"సెనక్కాయలో! ఉడకేసిన సెనక్కాయలో!"

ఆమె ఉలిక్కిపడింది. తెలుగంటే ఆమెకు గడప లోపలి మాట. వంటింట్లో, తగాదాలో, పిల్లల్ని జోకొట్టేటప్పుడు మాట్లాడేది. గడప దాటితే అంగడికైనా ఆస్పత్రికైనా తమిళమే. అలాంటిది ఇక్కడ టీ అమ్మేవాడూ, మూటలు మోసేవాడూ, ఆఖరికి పోలీసాయన కూడా తన ఇంటి మాట గొంతెత్తి మాట్లాడుతున్నారు.

"మామా, లెయ్యి! ఈడ అందురూ మన ఇంటి మాట మాట్లాడతాండారు!"

"ఆంధ్రా గదా. పడుకో," అని ఆయన అటు తిరిగాడు.

ఎలా పడుకుంటుంది? చెప్పులైనా తొడుక్కోకుండా, ఒక మిట్టాయి పొట్లం పట్టుకుని దిగిపోయింది. కేక వేసినావిడ పేరు ఓబుళమ్మ. రైళ్లలో సెనక్కాయలు అమ్ముకునే మనిషి.

"యా ఊరమ్మా మీది?" అంది ఓబుళమ్మ.

"కోవిల్పట్టి."

"అది యాడుంది?"

"విరుదునగర్ పక్కన."

"అదెక్కడుందో?"

ఇద్దరికీ నవ్వొచ్చింది. "తమిళనాడు," అంది ముత్తుప్పేచ్చి.

"అరవదేశమా! మరి మా ముసలి జేజి మాట్లాడినట్ల మాట్లాడతాండావే!"

"మా ఇంట్లో ఇదే మాట. మా వీదోళ్లు మాత్రం మాట్లాడేది అనుకొనుంటిని నేను."

మాటల్లో ఉండగానే బండి కదిలింది. ముత్తుప్పేచ్చి పెట్టె ముందుకు వెళ్లిపోయింది. ఓబుళమ్మ ఆమెను జబ్బ పట్టి లాక్కుపోయి, వెనక వస్తున్న జనరల్ పెట్టెలోకి నెట్టి, బుట్టతో సహా తానూ ఎక్కేసింది.

"బయపడాకు. ఆదోనిలో దిగి మీ పెట్టెకు పోదువులే. నేనూ ఆడికే."

ఆ పెట్టె నిండా బొంబాయికి కూలిపనికి పోతున్న ఆంధ్రా జనం. "కొంచెం తావియ్యండప్పా," అని ముత్తుప్పేచ్చి అడగ్గానే జరిగి చోటిచ్చారు. "బండి తామసమై వచ్చె," అంటే అందరూ పకపకా నవ్వారు. ఆలస్యాన్ని తామసమంటారా అని ఒకరు, ఇంకో మాట చెప్పమని ఒకరు. ఆమె భయం ఎటుపోయిందో. ఫ్యాక్టరీ సంగతులు, కూతురి సంగతులు చెబుతూ సెనక్కాయలు ఒలుచుకు తింటూ కూర్చుంది.

అక్కడ ముందు పెట్టెలో కుళందైసామికి మెలకువ వచ్చింది. కింద భార్య లేదు. చెప్పులున్నాయి. తలుపు దగ్గరికి పరుగెత్తి, "పేచ్చీ! పేచ్చీ!" అని అరిచాడు. వెనక ఏదో పెట్టెలో ఎక్కే ఉంటుందని తోటివాళ్లు ఎంత చెప్పినా వినలేదు. ఆ చెప్పులు ఒళ్లో పెట్టుకుని భోరుమన్నాడు. ఆ ఏడుపులోనే మాటలు మొదలయ్యాయి. ఆమె వండే పులుసు, తనకు జ్వరమొచ్చినప్పుడు నెలరోజులు తన పని కూడా ఆమే చేయడం, ఆమె లేని ఇల్లు తనకు ఇల్లే కాదనడం. అంతా తమిళంలో, తెలుగులో, కలిపి. ఎదుటి సీటు బెంగుళూరు ముసలావిడ కూడా కళ్లు తుడుచుకుందట.

ఆదోనిలో బండి ఆగీ ఆగకముందే చెప్పులు చేతబట్టుకుని దూకాడు. ఎదురుగా ముత్తుప్పేచ్చి, కొంగులో సెనక్కాయల మూట, ఓబుళమ్మతో నవ్వుకుంటూ వస్తోంది.

"యాడికి పోతివే నువ్వు..." అని ఏడుస్తూనే వంగి చెప్పులు ఆమె కాళ్ల ముందు పెట్టాడు.

"యాలన్నా ఏడుస్తావు? నీ పెండ్లాన్ని బద్రంగా తెచ్చిస్తి గదా!" అని ఓబుళమ్మ ఆయన చేతిలో గుప్పెడు సెనక్కాయలు పోసింది. ముత్తుప్పేచ్చి మిట్టాయి పొట్లం ఆమె బుట్టలో పడేసింది. బండి ఎక్కాక, రాయచూరు దాటేదాకా కుళందైసామి ఆమె చెయ్యి వదల్లేదు. ఆయన చెప్పిన మాటలన్నీ ఎదుటి ముసలావిడ వచ్చీరాని తమిళంలో ఒక్కొక్కటే అప్పజెబుతుంటే ముత్తుప్పేచ్చి సిగ్గుతో కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

పూనాలో మనవరాలు పుట్టింది. తిరుగు ప్రయాణానికి అల్లుడు మళ్లీ విమానం మాటెత్తాడు. ఈసారి జవాబు కుళందైసామి ఇచ్చాడు.

"రైల్లోనే పోతాము. గుంతకల్లులో నేనూ దిగాల."

దిగారు. ఓబుళమ్మ దొరికింది. ఆమె పక్కింటి కొట్టు ఫోన్ నంబరు తెచ్చుకున్నారు. మూడేళ్లకు మనవరాలి చెవులు కుట్టించడానికని కూతురు ఊరికి వస్తుంటే, అదే బండిలో ఓబుళమ్మా వచ్చి కోవిల్పట్టిలో దిగింది. ఆమె నోరు విప్పితే చాలు, మా వీధి ఆడవాళ్లు టీవీలో వచ్చే తెలుగు వినబడుతోందని చుట్టూ చేరేవారు.

తాను పుట్టిన ఊరు చూపిస్తానని ముత్తుప్పేచ్చి ఆమెను ప్యాసింజరులో విరుదునగర్ తీసుకుపోయింది. మిరపకాయల గోదాములు చూసి, గుంటూరు కాయకూ ఈ కాయకూ తేడా గురించి ఓబుళమ్మ అక్కడి హమాలీలతో చేతి సైగలతోనే వాదం పెట్టుకుంది. తరవాత ఒక పరోటా కొట్టు ముందు కూర్చున్నారు. నూనెలో కరకరలాడేలా వేయించిన పరోటాలు ఆ ఊరి ప్రత్యేకం. ఓబుళమ్మ విస్తరి ఖాళీ చేసి, కొట్టాయన వైపు చూసి, ముత్తుప్పేచ్చిని మోచేత్తో పొడిచింది.

"ఇంకో రెండు వెయ్యమని మీ అరవంలో అడగవే. నేనడిగితే ఆయప్ప నవ్వుతాండాడు గానీ వెయ్యడంలే!"