మూడో మలుపులో చైను

బ్రాడీపేటలో బట్టల కొట్టు నడిపే వెంకటనారాయణ ప్రతి ఆదివారం తెల్లవారగానే గేర్ల సైకిలెక్కి, మిరప చేల మధ్యగా కొండవీడు బయల్దేరతాడు. హెల్మెట్టు, నల్ల కళ్ళజోడు, పొట్ట మీద బిగిసిన పచ్చ చొక్కా. చదును రోడ్డు మీద లారీలకైనా దారివ్వడు. కొండ ఎక్కే దారిలో మూడో మలుపు రాగానే మాత్రం ఊపిరి చాలక దిగిపోతాడు. అక్కడ మజ్జిగ అమ్మే శేషమ్మ చూస్తుందని, గబుక్కున వంగి చైను సవరిస్తున్నట్టు నటిస్తాడు. "మళ్ళీ పడిందా నారాయణగారూ?" అంటుందామె. "పాడు చైను, శేషమ్మా!" అంటాడు. ఆమె నవ్వాపుకుని గ్లాసు అందిస్తుంది. ఇంటికెళ్ళాక భార్యకీ అదే చైను కథ చెప్తాడు, ఆవిడా నమ్మదు.

మొన్న ఆదివారం కాళ్ళు సహకరించాయి. పళ్ళు బిగబట్టి మలుపు దాటాడు, మజ్జిగ కుండ కూడా దాటాడు. పది బారలు పోయాడో లేదో, చైను నిజంగానే ఊడింది. దిగి, వంగి దాన్ని ఎక్కించసాగాడు.

"ఇయ్యాళ కూడానా?" వెనకనుంచి శేషమ్మ కేకేసింది.

"ఒట్టు శేషమ్మా, ఈసారి నిజంగా పడింది!" అనేసి నాలుక కరుచుకున్నాడు.

ఆమె దగ్గరకొచ్చి అతని చేతులు చూసింది. "తెలుస్తానే ఉందిలెండి. ఇన్నాళ్ళలో వీటికి గ్రీజంటడం ఇదే చూడ్డం" అంటూ కడుక్కోమని చెంబుతో నీళ్ళు తెచ్చింది.

"వద్దులే, ఉండనీ" అన్నాడు వెంకటనారాయణ. "మా ఆవిడ చూడాలి."