గంట ప్రయాణం

విమాన టికెట్లమ్మే ఆమెకు ‘గంటే కదా’ అన్న మాట వింటే ఒళ్లు మండుతుంది. మొగుడు ఉద్యోగం చేసే ఊరు ఐదొందల కిలోమీటర్లు, విమానంలో గంట. ఎవరైనా ఆ ఊరి పేరెత్తితే చాలు, కీబోర్డును టకటకా బాదేస్తుంది, బల్లమీది బొమ్మ విమానాన్ని మూతి గోడకేసి తిప్పి పెడుతుంది. అతనికి టికెట్ తీసేదీ ఆమే, చివర్లో అతను రాలేనంటే రద్దు చేసేదీ ఆమే. పాపకు జ్వరమని నిన్న ఫోన్ చేస్తే, “గంట ప్రయాణమే కదే, ఎప్పుడంటే అప్పుడొచ్చి వాలతాను, కంగారెందుకు?” అన్నాడు. ఇవాళ అతని టికెట్ మళ్లీ రద్దు చేస్తుండగా ఒక పెద్దాయన వచ్చి, అదే ఊరి పేరు చెప్పి, “అక్కణ్ణుంచి ఇక్కడికి ఎంతసేపమ్మా?” అనడిగాడు. ఆమె తెర మీంచి కళ్లు తిప్పలేదు. “విమానమైతే గంటేనండీ. మా ఆయన మాత్రం ఏడాదిగా వస్తూనే ఉన్నాడు.”