మద్దిచెట్ల కింద

రామచంద్రం ముప్పై రెండేళ్లు అటవీశాఖలో పనిచేసి రిటైరయ్యాడు. ఎక్కువ కాలం నల్లమల అంచున ఒక క్యాంపులోనే గడిచింది. రోజూ మధ్యాహ్నం ఎండ ఎంతుందో థర్మామీటరు చూసి నోటుబుక్కులో రాసుకునేవాడు. ఇప్పుడు పట్నంలో, చిక్కడపల్లిలో కిరాయికి ఉంటూ, అశోక్ నగర్ కోచింగ్ సెంటర్లో ఫారెస్టు ఉద్యోగాల పరీక్షకు పాఠాలు చెబుతున్నాడు.

ఆ రోజు బోర్డు మీద గుట్ట బొమ్మ గీశాడు.

"ఎండ మండే అడుగున ముళ్లకంప. దాని మీద టేకు, నల్లమద్ది, ఎండాకాలం ఆకు రాల్చే అడవి. ఇంకా పైన, చల్లగున్న చోట అదే అడవి చిక్కబడుతది. ఏ చెట్టు యాడ బతకాల్నో వాన ఒక్కటే చెప్పదు, వేడి గూడ చెప్తది."

వెనక బెంచీలో రోజా లేచింది. నల్లమల పల్లె నుంచి వచ్చి హాస్టల్లో ఉంటున్న పిల్ల.

"సార్, మా ఊరి గుట్ట మీద మద్దిచెట్లు గొడ్డుపోయినయంటడు మా నాయిన. వాటి కింద చిన్న చెట్లే లేవు."

చెట్టు గొడ్డుపోవడమేమిటని క్లాసంతా నవ్వింది. రామచంద్రానికి నవ్వు రాలేదు. ఆ గుట్ట ఆయన తిరిగిందే. తొలకరి పడితే మద్ది మొలకలు తొక్కకుండా అడుగు వేయడం కుదిరేది కాదు.

శ్రావణంలో ఒక ఆదివారం రోజా వాళ్ల ఊరికి వెళ్లాడు. రోజా తండ్రి దాసయ్య ముందు నడిచాడు. చెట్లు నిండుగా, పచ్చగా ఉన్నాయి. రామచంద్రం వంగి రాలిన ఆకులు పక్కకు తీసి చూశాడు. ఎండాకాలం జల్లులకు మొలకెత్తిన గింజలు నల్లగా మాడిపోయి ఉన్నాయి. వాటి మధ్య తుమ్మ ముళ్లు లేస్తున్నాయి. సగం గుట్ట ఎక్కినా అంతే. చిట్టచివరకు, శిఖరం కింద, జానెడు మొలకలు పదో పన్నెండో కనిపించాయి.

"పోయినేడు ఇంకింత కింద ఉండె సార్. ఏటికేడు పైకి జరుగుతున్నయి."

"పైన ఇంకెంత జాగ ఉన్నది దాసయ్యా?"

దాసయ్య తలెత్తి చూశాడు. పైన బండరాయి, దాని మీద ఆకాశం.

ఇంటికొచ్చి రామచంద్రం పాత నోటుబుక్కులు తీశాడు. ఉద్యోగంలో చేరిన కొత్తలో వేసవికి నాలుగైదు రోజులే నిప్పులు చెరిగేవి. చివరి ఏళ్లలో నెల దాకా సాగాయి. లేతమొక్క తట్టుకోలేదు. పెద్దచెట్టు తట్టుకుంటుంది, ఇంకో యాభై ఏళ్లు పచ్చగా నిలబడుతుంది. అంతదాకా, దాని తర్వాత మరో చెట్టు లేదని ఎవరికీ తెలియదు. ఆ లెక్కలన్నీ ఒక కాగితం మీదికి ఎక్కించాడు.

అటవీశాఖలో తెలిసిన అధికారికి ఆ లెక్కలు చూపించాడు. "శాటిలైట్ నుంచి తీసిన ఫోటోల పచ్చగనే ఉన్నది గదా," అన్నాడాయన.

ఇదే సంగతి క్లాసులో చెబితే సెంటరు యజమాని రాఘవేందర్ కూడా విసుక్కున్నాడు. "పిల్లలు పరేషాన్ అయితున్నరు సార్. జర పుస్తకంల ఉన్నదే చెప్పుండ్రి."

"పరీక్షకు అదే చెప్త. నౌకరొచ్చినంక నేల దిక్కు చూడుమని గూడ చెప్త."

రోజాకు ఫారెస్టు ఉద్యోగం వచ్చింది. మరుసటేడు వానాకాలంలో, రామచంద్రం నారాయణగూడ బస్టాపులో ఉండగా ఆమె ఫోన్ చేసింది.

"సార్, నేను కాసే అడవి బీట్ల ఆరు గుట్టలున్నయి. నాలుగు పైదాంక ఎక్కిన. ఒక్క మొలక లేదు."

"మిగిలిన రెండు?"

"ఎక్కాల్నంటే భయమైతున్నది సార్."

బస్సు వచ్చి వెళ్లిపోయింది. ఆయన కదల్లేదు.

"ఆగు బిడ్డా. రేపు నేనొస్త. ఇద్దరం కలిసి ఎక్కుదాం."