కంది కాడల రంగు

ఇంటర్ అయిపోయి ఇంట్లో కూర్చున్న రోజుల్లో, ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే దారిలో ఉన్న వ్యవసాయ పరిశోధన క్షేత్రంలో నాకు ఆకులకు పిన్నులు కొట్టే పని దొరికింది. బస్సులో నవల చదువుకుంటూ పోయేదాన్ని. దిగాక ఎవరితోనూ పెద్దగా మాట్లాడేదాన్ని కాదు.

కందికి గొడ్డు తెగులని ఒకటి వస్తుంది. మొక్క పాలిపోయి గుబురుగా పెరుగుతుంది, పూత పట్టదు. దాన్ని మోసేది కంటికి ఆనని నల్లి. తెగులు ఆకును లేత మొక్క ఆకు మీద మడిచి స్టేప్లరుతో పిన్ను కొడితే నల్లులు దాని మీదికి పాకుతాయి; ఏ మొక్క తట్టుకుంటుందో అలా తేలుతుంది. అక్కడ పరిశోధన చేసే మా సారు తెగులుకు తట్టుకునే ఊదా కాడ కందిని, మా వైపు పండే పచ్చ కాడ కందితో సంకరం చేశారు. వాటి మనవల తరం మడిలో ఉంది. ఊదా రంగు, తట్టుకునే గుణం జంటగా వస్తున్నాయని తేలితే, ఇకపై మొలకలోనే రంగు చూసి ఏరుకోవచ్చు.

ఏ రంగు కాడవి ఎన్ని గొడ్డుపోయాయో లెక్క తీయాల్సిన రోజు నేను పోయేసరికి మడి పలచబడి ఉంది. ముందురోజు సారు మడి శుభ్రం చేయమంటే, కలుపు తీసే అక్క గొడ్డుపోయిన చెట్లన్నీ పీకేసింది.

"గొడ్డు చెట్లు పెట్టుకోని ఏం జేస్తారు సారూ? మా సేన్లో అయితే ఒక్కటీ ఉంచం" అంది. సారు గట్టు మీద కూలబడ్డారు. ఏడాది పని మట్టిపాలైనట్టే.

"పీకినవి యాడేసినావక్కా?" అన్నాను.

"ఓయమ్మ, ఈ పాపకు నోరుండాదే! మేకలకేసినా."

వాళ్ల ఊరు పక్కనే. ఇద్దరం వడివడిగా పోయాం. దొడ్లో మేకలు నెమరేస్తున్నాయి. ఆకు ఒక్కటీ మిగల్లేదు. ముదురు కాడలను మాత్రం ముట్టలేదు.

"ఇవన్నీ మన మడివేనా?"

"నా మేకలకు కంది ఇంగెవరేస్తారు? పొయ్యిలోకనుకుంటి. నువ్వెత్తుకపోతే రేపు నువ్వే వచ్చి వండల్ల మల్ల!" అంటూనే మోపు కట్టి నా నెత్తికెత్తింది.

తిరిగొచ్చి గట్టు మీద రంగుల వారీగా ఏరాం. పచ్చ కాడల కుప్ప పెద్దది. ఊదా కుప్ప చిన్నది, కానీ ఉంది. మడిలో నిలిచినవి చాలావరకు ఊదావే. సారు రెండుసార్లు లెక్కపెట్టారు.

"రంగును నమ్మొచ్చు, పూర్తిగా కాదు. వచ్చే పంటకారుకు ఊదా మొలకలే ఉంచుదాం. వాటికీ పిన్ను కొట్టాల్సిందే" అన్నారు.

అలా నా పని ఇంకో పంటకు మిగిలింది.