ఎంతమందికి వండాలి

మా చుట్టాల్లో ఏ పెళ్ళయినా ఎంతమందికి వండాలో నన్నడుగుతారు. ఈ లెక్క నాకెవరూ నేర్పలేదు. పంచిన శుభలేఖలు, ముహూర్తం వేళ, ఆ వారం వరికోతలున్నాయా, కొల్లేరు వైపు చెరువుల్లో చేపలు పడుతున్నారా, ఇవన్నీ చూసుకుని చెబుతాను. చాలాసార్లు సరిపోతుంది. మా అక్క కూతురి పెళ్ళికి మాత్రం తప్పింది.

బావ పోయి చాలా ఏళ్ళయింది. అక్క గణపవరంలో పొలం చూసుకుంటూ పిల్లని చదివించింది. ఆ పిల్ల ఇప్పుడు వట్లూరులో ఒక కాలేజీలో పాఠాలు చెబుతోంది. తండ్రి లేని పిల్లకి దగ్గరి చుట్టాల్లో ఒక జంట పీటల మీద కూర్చుని కన్యాదానం చేయడం మాలో ఆనవాయితీ. తల్లి దూరంగా నిలబడి చూస్తుంది. అక్క అలా నిలబడనంది. పెళ్ళికొడుకు కాళ్ళు తనే కడుగుతానంది.

తాడేపల్లిగూడెం వియ్యాలవారు, "మీ ఇష్టమండీ, మాకేం పట్టింపు లేదు" అన్నారు. పురోహితుడు కాసేపు ఆలోచించి సరేనన్నాడు. పట్టింపల్లా మావాళ్ళకే. ఇప్పుడు మా వైపు పెద్ద మా బాబాయి. ఆయన ఫోన్ చేసి, "అది పీటలెక్కితే మేమెవరం రాం. నువ్వయినా చెప్పవేంరా?" అన్నారు. ఆయన రాకపోతే ఆ వెనక సగం మంది రారు.

అందుకే ఏలూరు కల్యాణమండపంలో వంట మేస్త్రీ అడిగినప్పుడు, "సగానికే పెట్టుకోండి" అన్నాను. పక్కనే ఉన్న అక్క వింది.

"ఎవర్నడిగి తగ్గించావురా?"

"రానివాళ్ళకి వండి ఎవరికి పెడతామక్కా?"

"మిగిలితే మిగలనీ. రారని ముందే తగ్గించానంటే, నేను చేసేది తప్పని నేనే ఒప్పుకున్నట్టు. పిలిచినవాళ్ళందరికీ వండించు."

మేస్త్రీ మా ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. "ఇదే ఆఖరి మాటాండీ? పప్పు నానబోశాక మళ్ళీ వెనక్కి తీసేది లేదండీ."

"ఆఖరి మాటే" అంది అక్క.

ముహూర్తం పొద్దున్న. మా వైపు కుర్చీలు చాలావరకు ఖాళీ. అక్క పళ్ళెం ముందు కూర్చుని ఒక చేత్తో నీళ్ళు పోస్తూ, ఇంకో చేత్తో కాళ్ళు కడిగింది. పెళ్ళికొడుకు వంగి చెంబు అందుకోబోతే, "వద్దు బాబూ, నాకలవాటే" అంది. అతను నవ్వి సర్దుకుని కూర్చున్నాడు. అక్క మాత్రం ఒకసారి తలెత్తి ఆ ఖాళీ కుర్చీల వైపు చూసింది.

తాళి కట్టడం అయ్యాక మొదటి బంతి లేచేసరికి, గేటు దగ్గర ఆటోలు ఆగడం మొదలైంది. రామని చెప్పినవాళ్ళే వరసగా దిగుతున్నారు. కన్యాదానం కళ్ళారా చూడలేదు గనక మాట నిలబెట్టుకున్నట్టే, భోజనానికొచ్చారు గనక చుట్టరికమూ నిలబెట్టుకున్నట్టే. ఇలాంటి దారి ఒకటుంటుందని నాకు తట్టనేలేదు.

బాబాయి అందరికంటే ఆఖర్న వచ్చారు.

"ముహూర్తం అయిపోయిందామ్మా? దారిలో ఒకటే ట్రాఫిక్కు."

"అయిపోయింది బాబాయ్. రండి, అన్నం వేడిగా ఉంది, కూర్చోండి."

ఆయన కూర్చున్నాక అక్క నేతిగిన్నె తీసుకుని తనే బంతిలోకి వెళ్ళింది. భర్త పోయిన ఆడది పెళ్ళి బంతిలో వడ్డించడం నేనెప్పుడూ చూడలేదు. బాబాయి విస్తరి దగ్గర ఆగింది. ఆయన చెయ్యి కొంచెం లేచింది. విస్తరికి అడ్డం పెడతారనుకుని నేను ఒకడుగు ముందుకేశాను.

ఆయన ఆ చేత్తో పప్పన్నంలో గుంట చేశారు.

"ఇందులో వెయ్యమ్మా" అన్నారు, తలెత్తకుండానే.