ఇంజను ఆపి మిగిల్చిన డీజిల్

గీచి గీచి బేరమాడటంలో తాడేపల్లిగూడెం మొత్తం మీద నన్ను మించినవాళ్ళు లేరండి. 2004లో ఒక ట్రాక్టరు మెకానిక్కు మీద కూడా గెలిచాను.

మా మామగారు పోయాక దెందులూరు పొలంతో పాటు ఆయన పాత ట్రాక్టరూ మా వాటాకొచ్చింది. దాని లిఫ్ట్, వెనక తగిలించిన గొర్రుని ఎత్తలేకపోతోంది. మెకానిక్కు చూసి, "లోపల ఆయిల్ ఒత్తిడి ఆపే సీలు పోయిందండి. పన్నెండు వందలవుద్ది. అది మార్చేదాకా ఇంజను ఆపితే గొర్రు కింద పడిపోద్దండి" అన్నాడు. భయపెట్టి అమ్మడం మా కొట్లో నేనూ చేసేదే కదా అనుకుని, రెండొందలిచ్చి ఆయిల్ మాత్రం మార్పించాను.

గొర్రు లేచింది. "చూశావా, వెయ్యి మిగిలింది" అన్నాను మా బావమరిదితో.

"మీతో బేరమంటే భయమండి బావగారూ" అని నవ్వుతూ, గొర్రుకి చుట్టుకున్న గడ్డి లాగడానికి దాని కింద కాలు పెట్టి కూర్చున్నాడు. ఊరికే డీజిల్ కాలుతోందని నేను ఇంజను ఆపేశాను. గొర్రు అతని పాదం మీద పడింది.

ఏలూరు ఆసుపత్రిలో మా ఆవిడ, "మొత్తం ఎంత మిగిలిందండీ?" అని అడిగింది.

లెక్క వేసుకున్నాను. మిగిలింది వెయ్యి రూపాయలు, ఓ గ్లాసుడు డీజిల్, మా బావమరిది కుడికాలికి మూడు వేళ్ళు.